నాలుక మీద ధమ్మం



ఈసారి మాట టీ గురించి. నవ్వకండి. నాలుగు ఆర్యసత్యాల గురించి, అష్టాంగ మార్గం గురించి ఈ చిన్న పుస్తకాల్లో చాలా చదివారు. చదివినదాన్ని ఎక్కడ పెట్టి చూసుకోవాలి అన్నదే అసలు చిక్కు. రోజూ గంటసేపు కదలకుండా కూర్చునే తీరిక మనలో ఎంతమందికి ఉంది? తెల్లారకముందే బస్సెక్కేవాళ్లం, పిల్లల డబ్బాలు సర్దేవాళ్లం, రాత్రి డ్యూటీ దిగి వచ్చేవాళ్లం. టీ తాగని ఇల్లు మాత్రం మనలో దాదాపు లేదు. కాబట్టి అక్కడే పెట్టి చూద్దాం.

ఒక ఆదివారం వందన అయ్యాక ఒక ఉపాసిక ఇలా అడిగారు: "మా అబ్బాయి లండన్ నుంచి వస్తూ ఒక టీ డబ్బా తెచ్చాడండి. ఎర్ల్ గ్రే అంట. పాలు పొయ్యకుండా తాగాలట. ఆ వాసన నాకు ఎంత నచ్చిందో! మా ఆయనేమో రుచుల వెంట పడితే అది తణ్హ, బౌద్ధులం మనకెందుకవి అంటారు. నచ్చడం తప్పా అండీ?"

ఇది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ కాదు. మనలో కొందరికి ధమ్మం అంటే అన్నీ వదిలేసుకోవడం, మొహం ముడుచుకుని బతకడం అన్న భావం ఉంది. అది మనకు పాత మతం నుంచి అంటుకొచ్చిన జబ్బు. ఉపవాసాలు, ఒంటిపూటలు, ఒళ్లు మాడ్చుకుంటే పుణ్యం అనే లెక్కలు ఆ ఇంటివి. సిద్ధార్థుడు ఆరేళ్లు ఒళ్లు మాడ్చుకుని చూశాడు. ఎముకల గూడయ్యాడు. అది దారి కాదని తెలుసుకుని సుజాత పెట్టిన పాయసం తిన్నాడు. తిన్నాడని తెలిసి వెంట ఉన్న ఐదుగురు పరివ్రాజకులు ఛీ అని వెళ్లిపోయారు. తర్వాత సారనాథ్‌లో ఆ ఐదుగురికే ఆయన మొదటి ఉపదేశం చేశాడు. భోగాల్లో మునగడం ఒక కొస, ఒంటిని హింసించుకోవడం ఇంకో కొస, రెండూ పనికిరావు అన్నదే ఆ ఉపదేశానికి మొదలు. మధ్యమ మార్గానికి ముందు ఒక గిన్నెడు పాయసం ఉంది. దాన్ని మరిచిపోకూడదు.

పైగా మన సంగతి వేరు. తరతరాలుగా రుచి మనకు దక్కనివ్వలేదు. ఎంగిలి, మిగులు, చల్లారింది, మాడింది మన వాటా. లేమిని గొప్పగుణంగా పొగడడం బుద్ధుడి బోధ కాదని బాబాసాహెబ్ గట్టిగా చెప్పారు. లేనివాడు లేకపోవడాన్ని మెచ్చుకోవాలని చెప్పేవాడు సాధారణంగా ఉన్నవాడే. కాబట్టి ఆ అమ్మకు జవాబు: నచ్చడం తప్పు కాదు. నచ్చినప్పుడు ఏం జరుగుతోందో చూడకపోవడం దగ్గర తేడా వస్తుంది. చూద్దాం రండి.

ముందు ఆ డబ్బాలో ఏముందో తెలుసుకోవాలి. తెలియనిదాన్ని ధ్యానించలేం. ఎర్ల్ గ్రే అంటే మామూలు నల్ల తేయాకే. దానికి బెర్గమాట్ అనే పండు తొక్కలోంచి తీసిన నూనె వాసన పట్టిస్తారు. బెర్గమాట్ నిమ్మజాతి పండు. మన దబ్బకాయకు దూరపు చుట్టం అనుకోండి. పుల్లనారింజకూ నిమ్మకూ పుట్టిన సంకరం అని శాస్త్రవేత్తలు చెబుతారు. ఇటలీ దేశం కొసన, బూటు బొటనవేలు లాంటి చోట, కలాబ్రియా అనే ప్రాంతం ఉంది. ప్రపంచంలో ఎక్కువ బెర్గమాట్ అక్కడే, రెజ్జో పట్నం చుట్టూ సముద్రం ఒడ్డున సన్నని పట్టీలో పండుతుంది. పులుపు, చేదు కలిసి ఉంటుంది కాబట్టి దాన్ని బత్తాయిలా ఒలుచుకుని తినరు. విలువంతా తొక్కలో ఉంది. ఒక కిలో నూనె రావాలంటే సుమారు 200 కిలోల కాయలు కావాలి. ఆ నూనెలో ఎక్కువ భాగం అత్తర్ల తయారీకి పోతుంది. కొలోన్ అని మనం వినే సెంటులో ఉండేదీ ఇదే. మీకు ఆ టీ వాసన ఎక్కడో పెళ్లిలో పీల్చినట్టు అనిపిస్తే ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు టీ కాద్దాం. మన ఇళ్లలో పాలు, నీళ్లు, పొడి, చక్కెర, అల్లం ఒకే గిన్నెలో వేసి పొంగి పొంగి దిగేదాకా మరిగిస్తాం. ఆ టీ మహా గొప్పది, దాన్ని ఎవరూ తీసేయనక్కర్లేదు. కానీ ఈ ఆకుకు ఆ పద్ధతి చేస్తే వాసనంతా ఆవిరై వంటింటి కిటికీలోంచి పక్కింటికి పోతుంది. అందుకని, ఒక కప్పు నీళ్లు తెర్లించి పొయ్యి కట్టేయండి. ఒక చెంచా ఆకు వేసి మూత పెట్టండి. మూడు నిమిషాలు. వడగట్టండి. ఐదారు నిమిషాలు వదిలేస్తే వగరు పైకొచ్చి వాసనను నొక్కేస్తుంది. చక్కెర మొదటిసారి వెయ్యకండి. తర్వాత మీ ఇష్టం.

ఆ మూడు నిమిషాలు ఫోను తీయకండి. ఇదే మొదటి అభ్యాసం. "ఇంకా కాలేదా" అని మనసు ఎన్నిసార్లు అడుగుతుందో లెక్కపెట్టండి. ఆ అడిగేదే తణ్హకు చంటిబిడ్డ రూపం. దాన్ని తిట్టొద్దు, కొట్టొద్దు. అడిగింది అని గమనిస్తే చాలు.

మూత తీయండి. ముందు ముక్కుకు తగులుతుంది. నారింజ తొక్కను గోరుతో గిల్లినప్పుడు వచ్చే చురుకు, దాని వెనక నిమ్మాకు నలిపిన పచ్చిదనం, ఇంకా వెనక ఏదో పూల తీపి. ఇదే మన గ్రంథాలు ఫస్స అన్నది, స్పర్శ. ముక్కు ఉంది, వాసన ఉంది, రెండూ కలిశాక వాసన తెలిసింది. ఈ మూడూ ఒకచోట చేరితేనే స్పర్శ. ఆ వెంటనే "బాగుంది" అనిపించింది చూశారా, అది వేదన. తెలుగులో వేదన అంటే బాధ అనుకుంటాం, పాళీలో అలా కాదు. సుఖమైనా, దుఃఖమైనా, రెండూ కానిదైనా, అనిపించడమే వేదన. ఇక్కడిదాకా ఏ దోషమూ లేదు. ముక్కున్నవాడికి వాసన తెలుస్తుంది, బుద్ధుడికైనా తెలుస్తుంది.

ఇప్పుడు ఒక గుక్క నోట్లోకి తీసుకుని వెంటనే మింగకుండా నాలుకంతా తిప్పండి. కొంచెం చేదు, చిగుళ్లను పట్టుకునే వగరు, ఆ మీద పండు వాసన. బాగుందా? ఇప్పుడు ముక్కు రెండు వేళ్లతో గట్టిగా మూసుకుని ఇంకో గుక్క తాగండి. పిల్లల ఆటలా ఉంటుంది గానీ చేసి తీరాలి. బెర్గమాట్ ఏమైంది? లేదు! వేడి నీళ్లు, చేదు, వగరు అంతే. వేళ్లు తీయండి, నోటి వెనక నుంచి ముక్కులోకి గాలి పోగానే పండు మళ్లీ వచ్చేస్తుంది.

ఇందులో ఎంత పెద్ద పాఠం ఉందో ఆలోచించండి. "ఈ టీ రుచి" అని మనం ఒక ముద్దగా పిలిచేది ఎక్కడ ఉంది? కప్పులో ఉందా? కప్పులోనే ఉంటే ముక్కు మూసినా ఉండాలి. నాలుక మీద ఉందా? నాలుకకు తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు లాంటి కొన్నే. ముక్కులో ఉందా? ముక్కు ఎప్పుడూ ఉంది, టీ లేనప్పుడు ఆ రుచి లేదు. అన్నీ కూడితేనే పుట్టింది, ఒకటి తీస్తే పోయింది. పటిచ్చ సముప్పాదం అనే పెద్ద మాట విని భయపడేవాళ్లు ముక్కు మూసుకుని ఒక గుక్క టీ తాగితే చాలు, సగం అర్థమవుతుంది. ఒక గుక్క రుచికే సొంత ఉనికి లేనప్పుడు, "పుట్టుకతోనే గొప్ప", "పుట్టుకతోనే తక్కువ" అని మనిషి లోపల ఏదో గడ్డకట్టి ఉంటుందని చెప్పేవాళ్ల మాట ఏ పాటిది?

ఇంకా తాగండి. మూడో గుక్కకు వాసన తగ్గుతుంది. కొంత చల్లారినందుకు, కొంత ముక్కు దానికి అలవాటు పడినందుకు. సగం కప్పు అయ్యేసరికి మీరు టీ తాగుతున్న సంగతే మరిచిపోయి ఎదుటింటివాళ్ల గొడవ గురించి ఆలోచిస్తూ ఉంటారు. ఇది అనిచ్చ. కప్పు ఖాళీ అవగానే "ఇంకో కప్పు కావాలి" అనిపిస్తుంది. ఎందుకు? రెండో కప్పు కోసం కాదు, మొదటి కప్పులో మొదటి గుక్క మళ్లీ రావాలని. అది రాదు. వేదనకూ తణ్హకూ మధ్య సందు ఇదిగో ఇక్కడే ఉంది. బాగుంది అన్నది వేదన, మళ్లీ అదే కావాలి అన్నది తణ్హ, అది లేకపోతే కుదరదు అన్నది ఉపాదానం. సారా దుకాణం ముందు కూలి డబ్బులు పోసే మనిషిలో జరిగేదీ ఇదే వరసలో జరుగుతుంది. ఐదో శీలం మత్తు పదార్థాల గురించి. టీ అందులోకి రాదు. కానీ అక్కడ పెద్దగా నడిచే యంత్రం ఇక్కడ చిన్నగా నడుస్తోంది. చిన్నగా నడిచేటప్పుడు చూడడం తేలిక.

మితం గురించి బుద్ధుడు భిక్షువులకు పదేపదే చెప్పాడు. తిండిలో కొలత తెలియడం ఒక గుణమని లెక్కవేశాడు. ఇది ఊరికే చెప్పింది కాదు. 2002లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో ఒక ఆస్ట్రియా దేశస్థుడి కేసు వచ్చింది. ఆయన రోజుకు నాలుగు లీటర్ల దాకా ఎర్ల్ గ్రే తాగేవాడు. కండరాలు పట్టేసి, చూపు మసకబారింది. బెర్గమాట్ నూనెలోని ఒక పదార్థం కారణమని డాక్టర్లు అనుమానించారు. ఆ టీ మాని మామూలు నల్ల టీకి మారాక తగ్గింది. రోజుకు ఒకటి రెండు కప్పులు తాగేవాళ్లు దీనికి బెదరాల్సిన పని లేదు. మన ఆడవాళ్లు జాగ్రత్త పడాల్సింది ఇంకొకటి ఉంది. అన్నంతోపాటు గానీ, తిన్న వెంటనే గానీ టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి సరిగ్గా పట్టదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉంది. భోజనానికీ టీకీ మధ్య గంట ఎడం పెట్టండి అక్కా. ఇదీ ధమ్మమే, ఒంటిని సరిగ్గా చూసుకోకుండా మనసును ఎక్కడ నిలబెడతాం?

ఇక పేరు సంగతి. ఎర్ల్ అంటే ఇంగ్లండులో ప్రభువుల బిరుదు. చార్లెస్ గ్రే అనే ఆయన రెండో ఎర్ల్ గ్రే. 1830 నుంచి 1834 దాకా బ్రిటన్ ప్రధాని. ఆయన, లేదా ఆయన మనుషులు, చైనాలో ఒక పెద్ద అధికారి కొడుకును నీళ్లలో మునిగిపోకుండా కాపాడారట, అందుకు కృతజ్ఞతగా ఆ అధికారి ఈ టీ కలిపే రహస్యం చెప్పాడట. చెప్పుకోవడానికి బాగుంది. అయితే గ్రే చైనాలో ఎన్నడూ కాలు పెట్టలేదు. ఈ పేరుతో టీ ప్రకటనలు లండన్‌లో కనిపించింది 1880లలో, అంటే ఆయన పోయిన నలభై ఏళ్ల తర్వాత. రెండు కంపెనీలు అసలు మాదంటే మాదని చెప్పుకున్నాయి. కేసపుత్త అనే ఊళ్లో కాలాములకు బుద్ధుడు ఏం చెప్పాడో మీకు తెలుసు. పదిమంది అంటున్నారని, పాతదని, పుస్తకంలో ఉందని నమ్మొద్దు, మీ అంతట మీరు పరీక్షించి చూసుకోండి అన్నాడు. డబ్బా మీద అచ్చేసినదానికి కూడా అది వర్తిస్తుంది. (బోధిధర్ముడు ధ్యానంలో నిద్ర వస్తోందని కనురెప్పలు కోసి పారేస్తే అవి తేయాకు చెట్లుగా మొలిచాయని ఒక కథ ఉంది. మనవాడి కథ కదా అని దానికి మినహాయింపు ఇవ్వకూడదు.)

కథ అబద్ధమైనా ఆ పేరుగల మనిషి కాలంలో జరిగినవి నిజం. వాటికీ మన కప్పుకూ సంబంధం ఉంది.

1833లో గ్రే ప్రభుత్వం బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం తెచ్చింది. అది మంచి పని, కాదనకూడదు. సుమారు ఎనిమిది లక్షల మంది నల్లజాతివారు దాని కిందకు వచ్చారు. కానీ చూడండి, ఆ చట్టం రెండు కోట్ల పౌండ్ల నష్టపరిహారం ఇచ్చింది. ఎవరికి? బానిసలకు కాదు, బానిసల యజమానులకు! వెన్ను విరిగినవాడికి పైసా లేదు, కొరడా పట్టుకున్నవాడికి పరిహారం. పైగా విడుదలైనవాళ్లలో చాలామంది "అప్రెంటిస్"ల పేరుతో 1838 దాకా అదే యజమాని దగ్గర ఊరికే పనిచెయ్యాలి. ఇంకో సంగతి మనకు మరీ ముఖ్యం. ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని ప్రాంతాలకు ఆ చట్టం వర్తించదని అందులోనే రాశారు. అంటే మన నేలకు రాలేదు. ఇక్కడ పాలేర్లుగా, వెట్టివాళ్లుగా, భూమితోపాటు చేతులు మారే మనుషులుగా ఉన్న మన ముత్తాతలు ఆ లెక్కలో లేరు. ఇక్కడి కోసం ఇంకో చట్టం 1843లో గానీ రాలేదు. అది వచ్చాక వెట్టి ఎంతకాలం సాగిందో మీ ఇంట్లో ముసలివాళ్లను అడగండి.

అదే 1833లో ఇంకో చట్టంతో చైనా టీ వ్యాపారం మీద కంపెనీ గుత్తాధిపత్యం పోయింది. మరుసటి ఏడాది, 1834లో, ఇక్కడే టీ పండించాలని గవర్నర్ జనరల్ బెంటింక్ ఒక కమిటీ వేశాడు. అస్సాం తోటలు అలా మొదలయ్యాయి. అదే 1834లో కలకత్తా నుంచి మారిషస్ చెరకు తోటలకు ఒప్పంద కూలీల ఓడ బయల్దేరింది. బానిసల స్థానంలో కూలీలు. మన కాకినాడ పక్కన కోరంగి రేవు ఉంది కదా, అక్కడి నుంచి ఓడెక్కిపోయిన తెలుగువాళ్లను మారిషస్‌లో కోరంగీలు అని పిలిచారు. టీలో కలిపే చక్కెర వాళ్ల చెమట. ఇక అస్సాంకు ఛోటానాగపూర్ ఆదివాసులతోపాటు గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి కూడా మనుషుల్ని తోలుకుపోయారు. తోట నుంచి పారిపోయిన కూలీని వారంటు లేకుండా పట్టుకునే అధికారాన్ని 1865 చట్టం దొరలకు ఇచ్చింది. ఈ రోజుకీ అస్సాం తోటల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి.

ఇప్పటికీ తోటల్లో ఆకు కోసేది ఎక్కువగా ఆదివాసీ, దళిత స్త్రీలే. రెండాకులు, ఒక మొగ్గ. అలా కోసిన నాలుగున్నర కిలోల పచ్చి ఆకు ఎండితే సుమారు ఒక కిలో టీ. 2015 సెప్టెంబరులో కేరళ మున్నార్ తోటల్లో వేలమంది ఆడవాళ్లు, యూనియన్ నాయకుల్ని కూడా పక్కకు నెట్టి, బోనస్ కోసం, కూలి కోసం రోడ్డు మీద కూర్చున్నారు. వాళ్లలో చాలామంది తరాల కిందట తమిళదేశం నుంచి వెళ్లిన దళిత కుటుంబాలవాళ్లు. తాము పెట్టుకున్న పేరు పెంబిలై ఒరుమై, అంటే స్త్రీల ఐక్యత. ఆ అక్కలు కోసిన ఆకు మీద ఒక ప్రభువు పేరు ఉంటుంది, వాళ్ల పేరు ఉండదు.

ఇదంతా చెప్పి టీ మానెయ్యమనడం లేదు. మానేస్తే వాళ్ల కూలి పెరగదు. సమ్మా సతి అంటే ముక్కు దగ్గర వాసన వరకే ఆగిపోయే ఎరుక కాదు అంటున్నాను. అది బాగా డబ్బున్నవాళ్ల ధ్యాన శిబిరాల్లో అమ్మే ఎరుక. ఒక గుక్క రుచి ఎన్ని చేతులు కూడితే వచ్చిందో అక్కడిదాకా చూపు పోవాలి. పటిచ్చ సముప్పాదం ముక్కుతో మొదలై అస్సాం దాకా పోతుంది.

ఇక టీ అనగానే మన గుండెల్లో కెలికే మాట ఇంకొకటి ఉంది. రెండు గ్లాసులు.

నలభై దాటినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పిల్లలకు చెప్పాలి. ఊరి హోటల్లో బల్ల మీద గాజు గ్లాసులు వాళ్లకి. మనకు బయట చూరులో గుచ్చినవో, గోడ మీద బోర్లించినవో వేరే గ్లాసులు, కొన్నిచోట్ల కొబ్బరిచిప్ప. మన గ్లాసు మనమే తీసుకుని, మనమే కడుక్కుని, పట్టుకుంటే పైనుంచి పోసేవాడు. తాగాక మళ్లీ కడిగి అక్కడే పెట్టాలి. డబ్బులు మాత్రం వేరే డబ్బాలో వేసుకునేవాడు కాదు! రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణం హోటళ్లలో ఎవరినీ ఆపకూడదంది. 1955లో అంటరానితనం నేరాల చట్టం, 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చాయి. అయినా 2001లో ఆంధ్రప్రదేశ్‌లో జస్టిస్ పున్నయ్య కమిషన్ నివేదిక ఇచ్చే నాటికి కూడా ఈ గ్లాసుల గొడవ తీరలేదు. గ్లాసు ముట్టుకున్నందుకు, బల్ల మీద కూర్చున్నందుకు తన్నులు తిన్న మనుషులు మన మధ్యే ఉన్నారు.

1927 మార్చి 20న బాబాసాహెబ్ మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు దోసిట్లోకి తీసుకుని తాగారు. ఆ నీళ్లకు ప్రత్యేకమైన రుచి ఉందని కాదు, తాగకపోతే చస్తామనీ కాదు, మేమూ మనుషులమని చెప్పడానికి. తొమ్మిదేళ్ల పిల్లవాడిగా 1901లో కోరెగావ్ దారిలో, తిండి చేతిలో ఉండి కూడా గుక్కెడు నీళ్లు దొరక్క ఆకలితో పడుకున్న రాత్రి ఆయన మరిచిపోలేదు. గొంతు తడవడం అన్నది మన చరిత్రలో ఎప్పుడూ ఉత్త దాహం సంగతి కాలేదు. అందుకే మన బిడ్డ పింగాణీ కప్పులో టీ పోసి "తాగమ్మా" అని ఇచ్చినప్పుడు, ఆ తల్లికి దాని వాసన అంత నచ్చిందంటే, అందులో బెర్గమాట్ ఒక్కటే లేదు. ఎవరూ పైనుంచి పొయ్యని టీ అది. దాన్ని ఆస్వాదించమ్మా, నిదానంగా, పూర్తిగా. తణ్హ అని ఎవరైనా అంటే పై సంగతి చెప్పు.

అయితే ఒక మాట కటువుగా అడగాలి. మీ ఇంట్లో గ్లాసులు ఎన్ని రకాలు?

ఉద్యోగాలు వచ్చాయి, పట్నాల్లో ఫ్లాట్లు కొన్నాం. హాల్లో బుద్ధుడి బొమ్మ, పక్కన బాబాసాహెబ్ ఫోటో. అంట్లు తోమడానికి ఒకామె వస్తుంది. ఆమెకూ టీ ఇస్తాం, మంచివాళ్లం కాబట్టి. ఏ గ్లాసులో ఇస్తున్నాం? సింకు కింద విడిగా పెట్టిన ఆ సొట్ట స్టీలు గ్లాసు ఎవరిది? ఆమె తాగాక దాన్ని ఎక్కడ బోర్లిస్తుంది? ఆమెకు ఎవరు చెప్పారు అక్కడ పెట్టాలని? చాలాసార్లు ఎవరూ చెప్పరు. ఆమెకే తెలుసు. మనకు ఒకప్పుడు తెలిసినట్టే.

"శుభ్రత కోసమండీ" అంటారు కొందరు. ఊరి హోటలువాడూ అదే అనేవాడు. "ఆమెకే మొహమాటం, కింద కూర్చుంటానంటుంది" అంటారు ఇంకొందరు. మన తాతలూ మొహమాటపడేవారు. ఆ మొహమాటం ఎలా తయారైందో మనకంటే బాగా ఎవరికి తెలుసు? పైగా ఆమె రెల్లి ఇంటి బిడ్డ అయితే, మాదిగ ఇంటి బిడ్డ అయితే, మనం మాలలమైతే, లేదా అటుది ఇటైతే, అప్పుడు ఆ గ్లాసు ఏం చెబుతోందో పైకి అనను, మీకు తెలుసు. బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో మనుషులందరూ సమానమని నమ్ముతానన్న ప్రతిజ్ఞ ఉంది. సమానత్వం స్థాపించడానికి పాటుపడతానన్నది కూడా ఉంది. చెయ్యెత్తి చెప్పిన మాటలవి. ఆ చెయ్యి గ్లాసు అందించేటప్పుడు ఏ అల్మరా దగ్గరికి పోతోంది?

రెండో తేడా టీలోనే వస్తోంది. ఆఫీసరు వస్తే ఎర్ల్ గ్రే డబ్బా తీస్తాం, పళ్లెం, కప్పు, బిస్కెట్లు. ఊరి నుంచి మేనమామ వస్తే మరిగిన డస్టు టీ. "ఆయనకు ఇది పడదులే" అని మనమే అనేసుకుంటాం. ఆయన్ని అడిగామా? మంచి రుచి ఎవరికి పడుతుందో ఎవరికి పడదో మన తరఫున ఇంకొకరు నిర్ణయించడమే కదా మనం ఇన్నాళ్లూ పడ్డది. డబ్బా మీది ప్రభువు పేరు మన ఇంట్లో కొత్త అగ్రహారం కట్టకూడదు. రుచి వచ్చిన చోటే మానం కూడా వచ్చి కూర్చుంటుంది. మానం అంటే పాళీలో నేను ఎక్కువ, వాడు తక్కువ అని కొలిచే బుద్ధి. "మేం పాలు పొయ్యమండీ, ఆకు వాసన పోతుంది" అని నలుగురిలో కొంచెం గొంతు పెంచి చెప్పినప్పుడు దాన్ని పట్టుకోవచ్చు. తణ్హను పట్టుకోవడం కంటే మానాన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే అది నాలుక మీద ఉండదు, ఎదుటివాడి మొహం మీద వెతుక్కుంటుంది.

కాబట్టి ఈ నెలంతా మూడు పనులు చెయ్యమని కోరుతున్నాను. రోజులో ఒక్క కప్పు టీ, ఎర్ల్ గ్రే కానక్కర్లేదు, అల్లం టీ అయినా సరే, ఫోను, టీవీ లేకుండా మొదటి గుక్క నుంచి చివరి గుక్క దాకా గమనిస్తూ తాగండి. ముక్కు మూసే ప్రయోగం పిల్లలతో చేయించండి, వాళ్లు మనకంటే బాగా ప్రశ్నలు అడుగుతారు. మూడోది, సింకు కింద గ్లాసు తీసెయ్యండి. ఆమెకు ముందు చెప్పి, ఆమెతోపాటు కూర్చుని, మీరు తాగే టీనే, అదే సెట్టులో కప్పులో పోసి ఇవ్వండి. మొదటి రోజు ఇద్దరికీ ఇబ్బందిగా ఉంటుంది. ఆమె కప్పు గబగబా తాగేసి లేవబోతుంది. మీకు ఏం మాట్లాడాలో తోచదు. ఆ ఇబ్బందిని కూడా వేదనగా చూడండి, వచ్చింది, ఉంది, తగ్గింది. తర్వాత ఆ కప్పు ఆమెచేత కడిగించకుండా ఒకసారైనా మీరు కడగండి.

విహారంలో కూడా ఒక మార్పు అనుకున్నాం. శ్రీలంక విహారాల్లో సాయంత్రం భిక్షువులకు పాలు లేని టీ ఇస్తారు. మధ్యాహ్నం దాటాక భోజనం చెయ్యరు కాబట్టి అది పానీయం కింద చెల్లుతుంది. దాన్ని గిలన్‌పస అంటారు. మన దగ్గర పున్నమి వందన తర్వాత అలాంటి టీయే పెడదాం. ఒకే రకం కప్పులు, అందరూ ఒకే చాప మీద. పొయ్యి దగ్గర ఎప్పుడూ ఆ నలుగురు ఆడవాళ్లే ఉంటున్నారు, వాళ్లకు ధమ్మ ప్రసంగం గోడ అవతల నుంచి వినిపిస్తోంది. ఈ పున్నమికి టీ కాచేదీ, కప్పులు కడిగేదీ మగవాళ్లు. ఆకు వెయ్యడం, మూడు నిమిషాలు మూత పెట్టడం తెలియనివాళ్లు అరగంట ముందు రండి, నేర్పిస్తారు.